దొర కాళ్ల పక్క బండ

"కదలకుండ్రి దొరా, వెలుగు ఇంక సరిగ్గ పడలే," అన్నాను మూడోసారి.

జలపతిరావు దొర తన గడి మేడ ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. రేపు గడిని విప్పి, టేకు దూలాలన్నీ కలప వ్యాపారి తీసుకుపోతాడు. ఈలోగా గడితో తన ఫోటో ఒక్కటైనా ఉండాలని ఆయన ఆశ. చొప్పదండిలో కెమెరా ఉన్నది నా ఒక్కడికే.

ఇదే చోట మా బాపును వంగబెట్టి, వీపు మీద బండ ఎత్తి, పొద్దంతా ఎండలో ఉంచింది ఈయనే. దొరసాని చీర గడువుకు నేయలేదని. ఆ బండ ఇంకా దొర కాళ్ల పక్కనే ఉంది. ఎండకు ఎండ చెల్లుకు చెల్లు అనుకుని వచ్చాను.

నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక వంగాను. అద్దంలో దొరా, గడీ తలకిందులుగా వేలాడుతున్నారు. కడుపు నిండింది.

"ఎంతసేపు వంగుతవ్‌రా? నీ అయ్య గూడ గిట్లనే వంగిండు," అని నవ్వాడు దొర.

నా నడుం చురుక్కుమంది. ఆయన ఎండలో నిలబడ్డ గంటసేపూ నేను ఆయన ముందు వంగే ఉన్నాను. ఈ బేరంలో నష్టం నాదే.

గుడ్డ తీసేసి నిటారుగా నిలబడ్డాను. కెమెరాలో ఫోటో పడే గాజు ప్లేటు పెట్టాను.

"దొరా, జర పక్కకు జరుగుండ్రి."

"ఎంత జరగాల్రా?"

"మీ నీడ గూడ బండ మీద పడనంత. మా ఇంట్ల బాపు ఫోటో లేదు. గా బండదన్న ఉండాలె."

"మరి నా ఫోటో?"

"ప్లేటు ఒక్కటే తెచ్చిన దొరా," అంటూ, వంగకుండానే లెన్సు మూత తీశాను.