గుప్పెడు కారం

కారం దంచుతున్న ఆదెమ్మ చేతిలో రోకలి ఆగిపోయింది.

గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి. భుజాన గోనెసంచి.

"పానకాలు ఇల్లు ఇదేనా అమ్మా?"

ఆదెమ్మ ఆ గోనెసంచి వంక చూసింది. పక్కింటి పేరమ్మ పొద్దున్నే చెప్పింది మరి.

"డ్యాము గోడ నిలబట్టంలేదంట. వానల్లో ఓ ఆడపిల్లని బలిచ్చారంట. ఇప్పుడింకో పిల్ల కావాలంట. గోనెసంచులేసుకుని ఊళ్ళమీద పడ్డారు. ఇంటాయన పేరు చెప్పి మరీ వస్తారంట తల్లీ, జాగ్రత్త!"

అంత మాట చెప్పి, తాను నిక్షేపంగా మిరపకోతకు పోయింది. ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. కేకేసినా పలికే దిక్కు లేదు.

"ఆయన లేడు," అంది ఆదెమ్మ.

"తెలుసమ్మా. డ్యాము కాడ నాతోనే ఉన్నాడుగా. క్యాంపులో వంటోణ్ణి, రోశయ్యంటారు. మీ మల్లేశ్వరి ఏది?"

పిల్ల పేరు కూడా తెలుసు!

"లేదు. అమ్మమ్మగారి ఊరెళ్ళింది."

"అమ్మా, ఎవరే?" లోపల మంచం మీంచి మల్లి పిలిచింది.

నిన్నటిదాకా పిలిచినా పలకని పిల్ల, నోరు విప్పడానికి ఇప్పుడే సమయం దొరికింది. జ్వరం తగ్గి వారమైనా ముద్ద ముట్టడం లేదు. పుల్లలా అయిపోయింది.

రోశయ్య అబద్ధం పట్టించుకోనట్టే సంచి దించాడు.

"పిల్ల అన్నం తినట్లేదని మీ ఆయన ఒకటే దిగులు. నేనేమో పని మానేసి మా వేటపాలెం పోతున్నా. దోవలో దిగాను. పెరట్లో పొయ్యుందా చెల్లెమ్మా?"

కాదంటే ఏం చేస్తాడో! పేరమ్మ వచ్చేదాకా ఎలాగో గడపాలి. ఆదెమ్మ పొయ్యి చూపించింది. రోట్లోంచి గుప్పెడు కారం తీసి, పెరటి గడపకు అడ్డంగా కూర్చుంది.

అతను సంచిలోంచి బంగాళాదుంపలు తీశాడు. వేలెడు పొడుగున సన్నగా కోసి, నూనెలో ఎర్రగా వేయించాడు. గుంటూరులో కొట్టించుకొచ్చిన కైమాను ఉల్లిపాయ, జీలకర్రతో పొడిపొడిగా వేపాడు.

"డ్యాము చూడ్డానికి ఒక దొరొచ్చాడమ్మా. వాళ్ళ దేశంలో మొక్కజొన్న రొట్టెలో కైమా పెట్టి, మీద టమాటా, పచ్చి ఉల్లిపాయ చల్లుకు తింటారంట. నాకా రొట్టె కుదర్లేదు. ఈ దుంపల మీదే పోశాను. కాస్త కారం ఇస్తావా?"

ఆదెమ్మ ఎడమచేత్తో కారం డబ్బా తోసింది. కుడి గుప్పిట విప్పలేదు. చెమటకు కారం తడిసి అరచెయ్యి మండుతోంది.

"మా పిల్లకి ఇదంటే ప్రాణం..." అని ఆగాడు రోశయ్య. పొగకేసి మొహం తిప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

వేషాలు, అనుకుంది ఆదెమ్మ.

పళ్ళెంలో దుంపలు, వాటిమీద కైమా, ఆపైన టమాటా ముక్కలు, గట్టి పెరుగు. ఘుమఘుమకు మల్లి గోడ పట్టుకుని లేచి వచ్చింది. తల్లి పట్టుకునేలోపే గడప దాటేసింది.

"రా తల్లీ!" రోశయ్య పిల్లను ఎత్తుకున్నాడు. చేతిలో ఒక ముక్క పెట్టాడు.

ఆదెమ్మ అతని కళ్ళలో కారం కొట్టింది.

"అబ్బా!"

అయినా పిల్లను వదిలెయ్యలేదు. కళ్ళు మూసుకునే, తడుముకుంటూ, మెల్లగా నేలమీద దించాడు.

"భయపడకమ్మా, పోతాను. ఉల్లిపాయ చల్లి పెట్టు. వేడిమీదే తినాలి."

ఆదెమ్మ పిల్లను లాక్కుని లోపలికి పరిగెత్తి గడియ వేసింది. చాలాసేపటికి తీసి చూస్తే అతను లేడు. మందు పెట్టాడేమోనని పళ్ళెం ఎత్తి పెంటకుప్పలో పారబోసింది.

మల్లి గుప్పిట్లో మిగిలిన ముక్క అప్పటికే నోట్లోకి పోయింది.

"అమ్మా, ఇంకోటి!"

ఆదెమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. పిల్లకు ఏమవుతుందోనని సాయంత్రందాకా పక్కనుంచి కదల్లేదు. ఏమీ కాలేదు. "ఇంకోటి" అని ఏడుస్తూనే ఉంది మల్లి.

చేలోంచి వచ్చిన పేరమ్మ అతను వదిలిపోయిన సంచి దులిపింది. అడుగున చిన్న పావడా, పువ్వుల చీటిగుడ్డది.

"చూశావటే! ఆ బలిచ్చిన పిల్లదే అయ్యుంటుంది!"

ఆ రాత్రి ఆదెమ్మ కన్ను మూయలేదు.

మర్నాడు డ్యాము నుంచి పానకాలు దిగాడు.

"గుంటూరు బస్టాండులో రోశయ్య కనబడ్డాడే. కళ్ళు వాచిపోయి రాత్రంతా అక్కడే పడున్నాడంట. ఏమైందని అడిగితే, మిరప కల్లాల దుమ్ము కొట్టిందన్నాడు. నేనే చెయ్యి పట్టుకుని బస్సెక్కించా. మల్లి తిందా?"

ఆదెమ్మ పావడా తెచ్చి చూపించింది. చెయ్యి ఇంకా మండుతూనే ఉంది.

పానకాలు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"మన మల్లికిస్తానన్నాడులే."

"ఇది... ఆ బలిచ్చిన పిల్లదంటయ్యా?"

"బలేంటే? వానలో పునాది గోతిలో జారిపడి పోయింది. రోశయ్యకి ఒక్కతే కూతురు."