సూపర్‌వైజర్

తారిక్ తొమ్మిదేళ్లుగా ప్రహ్లాద్ దగ్గర లిఫ్టు మెకానిక్. కెనడా పీఆర్‌ కోసం అనుభవ పత్రం కావాలని మూడు నెలలుగా అడుగుతున్నాడు.

"మెకానిక్ అని గాదు సేఠ్, సూపర్‌వైజర్ అని రాయుండ్రి. పాయింట్లు ఎక్కువొస్తయ్."

ప్రహ్లాద్ ఒప్పుకునేవాడు కాదు. ఆ సోమవారం మధ్యాహ్నం మాత్రం ఆయనే బేగంబజార్ ఆఫీసుకు పిలిచి, చాయ్ తెప్పించి, పత్రం చేతిలో పెట్టాడు. తారిక్ సూపర్‌వైజర్ అని, కంపెనీ లిఫ్టులన్నిటి భద్రత అతని బాధ్యతేనని అందులో ఉంది.

"మీ ఎహసాన్ మర్చిపోను సేఠ్."

"గదేం లేదు. అంతా నిజమేనని కింద నువ్వు గూడ సంతకం పెట్టు. ఈడ్నే కూసొని పంపియ్యి."

తారిక్ సంతకం చేశాడు. ఫోన్‌లో పత్రాన్ని దరఖాస్తుకు జతచేసి, ఇందులోని ప్రతి మాటా సత్యమని ఒప్పుకుంటూ బటన్ నొక్కాడు.

"పోయిందా?"

"పోయింది సేఠ్."

కాసేపటికి ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కి వచ్చాడు. ప్రహ్లాద్ లేచి నిలబడ్డాడు.

"పొద్దుగాల పత్తర్‌గట్టిల మా లిఫ్టు తెగి ఇద్దరు సచ్చిపోయిండ్రు గద సార్. జిమ్మేదారెవరని అడిగిండ్రు. ఈయ్ననే. కాయితం గిదిగో, ఫోన్ల కెనడాకు గూడ పంపిండు."

"నేను ఉత్త మెకానిక్‌నే సార్," అన్నాడు తారిక్.

ఇన్‌స్పెక్టర్ పత్రం చదివి, చెయ్యి చాచాడు.

"ఫోన్ ఇటియ్యి."