ముందు లోపలికి పిలవాలి

“సున్నా మార్కులు,” అంది రాణి టీచర్.

క్వాసీ బిత్తరపోయాడు. భుజాన తువ్వాలు, చేతిలో నీళ్ల జగ్గు, హోటల్ సర్వర్ వేషం బాగానే కుదిరింది. బల్ల దగ్గర కూర్చున్న అమినతను ఏం తింటారని ఇంగ్లీషులో తప్పు లేకుండా అడిగాడు కూడా. ఇంకేం కావాలి ఈమెకు?

ముందు లోపలికి రమ్మనాలట, కూర్చోమనాలట. ఆ రెండు మాటలూ లేకుండా మిగతాదంతా ఎంత బాగా చెప్పినా సున్నాయేనని, టీచర్ అతన్ని మళ్ళీ తలుపు దగ్గరికి తరిమింది.

క్వాసీ, అమినతలది ఐవరీ కోస్ట్. ఇంకొందరితో కలిసి కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. ఫ్రెంచి గలగలా మాట్లాడతారు, ఇంగ్లీషు అంటే నీళ్లు నములుతారు. క్లాసులు మొదలయ్యేలోపు నాలుగు ముక్కలు నేర్పమని కాలేజీవాళ్ళు, రిటైరై సూర్యాపేటలో ఉంటున్న రాణి టీచర్‌ను బతిమాలి పిలిపించుకున్నారు. ఆమె వ్యాకరణం జోలికే పోలేదు. బల్లలు జరిపి, స్టీలు ప్లేట్లు తెప్పించి, క్లాసునే హోటల్ చేసి కూర్చుంది.

అదీ ఏదో ఒక హోటల్ కాదు. మిర్యాలగూడ నుంచి వాడపల్లి పోయే రోడ్డు మీద, ఆమె చిన్నప్పటి హోటల్. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపించేది. నీలం రంగు తలుపులు, ఊచల కిటికీ, దాని పక్కన రెండు బల్లలు, గల్లాపెట్టె మీద ఊదుబత్తి. ఆమెను హాస్టల్‌లో దింపడానికి వెళ్తూ నాయిన పెద్దులు అక్కడ ఆగేవాడు. సర్వర్ ఆ పూట టిఫిన్లన్నీ ఒక్క గుక్కలో రాగం తీస్తూ చదివేవాడు. ఆ రాగం టీచర్‌కు ఇంకా నోటికే ఉంది. నూనెలో పూరీ పొంగే చప్పుడు, మోదుగాకులో దాని వేడి ఆమె చెప్తుంటే పిల్లలకు నోరూరేది. ఆ రోజులు తలచుకుంటే టీచర్‌కు ప్రాణం లేచొచ్చేది మరి.

నాయినకు అక్కడ సొంత గ్లాసు ఉండేదనీ, ఇంకెవరికీ అందులో చాయ్ పోసేవాళ్ళు కాదనీ ఒకరోజు చెప్పింది.

“అయితే మీ నాన్నగారు వీఐపీ అన్నమాట,” అంది అమినత. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది.

ఇక్కడ తింటారా, కట్టివ్వమంటారా అనే ప్రశ్నను క్వాసీ ఎక్కడో పుస్తకంలో చూసి పాఠంలో కలిపాడు. టీచర్ దాన్ని కొట్టేసింది. మన హోటల్లో కట్టివ్వడాల్లేవు, అందరూ కూర్చునే తినాలంది. బొమ్మలో కుడివైపు ఖాళీగా ఉందేమని అడిగితే మాత్రం, యాదికి లేదని బోర్డు తుడిచేసింది.

ఆ హోటల్ కబురు ఒక పొద్దున మోసుకొచ్చింది కాలేజీ వ్యాన్ డ్రైవర్ వెంకటేశ్వర్లు. “మేడమ్, మీరు జెప్పే హోటల్ పోతదంట. దామరచర్ల దిక్కు లారీలు ఎక్కువైనయని రోడ్డు పెద్దగ జేస్తున్నరు. సోమవారం కూలగొడతరంట.”

టీచర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. ఆ పూట పాఠం సాగలేదు. సాయంత్రం వ్యాన్ ఎక్కుతూ అంది, “ఆదివారం పిల్లలను తీస్కపోదాం వెంకటేశ్వర్లు. పరీక్ష గాడనే పెడత. ఇప్పుడు పోకుంటే ఇగ ఎన్నటికీ పోలేను.” ఆ హోటల్లో కూర్చుని ఒక ప్లేటు పూరీ తినాలి, అంతే ఆమె కోరిక. ఇంత చిన్న కోరికకు అంత పట్టుదల ఎందుకో వెంకటేశ్వర్లుకు అర్థం కాలేదు.

ఆదివారం వ్యాన్ ఆగీ ఆగగానే పిల్లలు బిలబిలమంటూ లోపలికి పరుగెత్తారు. గల్లాపెట్టె దగ్గర మహేందర్ ఉన్నాడు, హోటల్ పెట్టినాయన మనవడు. ఈ పూటకు వడ్డన పిల్లలు చేస్తారంటే నవ్వి తువ్వాలు, జగ్గు ఇచ్చేశాడు.

“టీచర్, ఇక్కడ ఆరు బల్లలున్నాయి. మీరు రెండే అన్నారు,” లోపలినుంచి అమినత గొంతు.

టీచర్ ఇంకా బయటే ఉంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. మోకాళ్ళ నొప్పేమో అనుకుని వెంకటేశ్వర్లు చెయ్యి అందించబోయాడు.

“జర ఆగు,” అందామె. “గీ కిటికీ అప్పుడు ఎంత ఎత్తుగ ఉంటుండె. రాయెక్కితే గాని చేతికి పూరీ అందకపోయేది.”

పరీక్ష మొదలైంది. క్వాసీ భుజాన తువ్వాలు సర్దుకుని గడప దగ్గరికొచ్చి, కాస్త వంగి చెయ్యి చాపాడు.

“ప్లీజ్ కమిన్, మేడమ్. ప్లీజ్ సిట్ డౌన్.”

తప్పు లేదు. తొందర లేదు. టీచర్ కళ్ళు తుడుచుకుని, కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి పట్టుకుని లోపలికి నడిచింది. బొమ్మలో ఖాళీగా వదిలేసిన కుడివైపుకే వెళ్లి కూర్చుంది. క్వాసీ టిఫిన్ల రాగం తన ఫ్రెంచి యాసలో తీస్తుంటే వంటమనిషి కూడా బయటికొచ్చి నవ్వాడు. పూరీ వచ్చింది, చాయ్ వచ్చింది. టీచర్ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసింది. పక్క బల్ల మీదున్న గ్లాసుల్లాంటిదే.

“వందకు వంద,” అంది క్వాసీతో. అతను ఎగిరి గంతేశాడు.

మహేందర్ దగ్గరికొచ్చాడు. “కూలగొడుతున్నరని తెలిసి పాతోళ్ళందరు వచ్చి పోతున్నరమ్మా. మీరు గూడ మా తాత కాలం నుంచి కస్టమరేనా?”

“మా నాయిన గీడ శానా ఏండ్లు చాయ్ తాగిండు బిడ్డా,” అంది టీచర్, పూరీ తుంచుతూ.

ఆ గడప దాటడం ఆమెకు అదే మొదటిసారి.