ఫోన్లో బొట్టు

“అవ్వా! నా ఫోన్ని ఏం చేసినావు నువ్వు?”

లలిత్ అరుపుకు వంటింట్లో పాయసం కలుపుతున్న భాగీరథమ్మ గరిటె అట్లాగే పట్టుకొని హాల్లోకి వచ్చింది.

విజయదశమి పూట పొద్దున్నే కుందలహళ్ళిలో కరెంటు పోయింది. కరెంటుతో పాటే ఇంట్లో ఇంటర్నెట్టూ పోయింది. లాప్‌టాప్‌లో మాత్రం కాస్త బ్యాటరీ మిగిలి ఉంది. పండుగ మనకే గానీ సింగపూర్‌లో ఉన్న క్లయింటుకు కాదు కదా! పదకొండు లోపల ఫైలు పంపి తీరాలి. కంపెనీలు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి ఇంటికి పొమ్మంటున్న రోజులవి. లలిత్ పక్క సీటు పోయిన వారమే ఖాళీ అయింది.

అందుకని స్మార్ట్‌ఫోన్‌కు కేబుల్ గుచ్చి లాప్‌టాప్‌కు తగిలించాడు. అట్లా చేస్తే ఫోన్లో ఉన్న నెట్టు లాప్‌టాప్‌కు వస్తుంది. ఎప్పుడూ వచ్చేదే. ఇవాళ ఏం చేసినా లాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. ఫోనే లేదన్నట్టు కూర్చుంది. కేబుల్ పీకి చూస్తే దాని కొస ఎర్రగా ఉంది. ఫోను పక్కన కేబుల్ దూర్చే రంధ్రానికి చిన్న రబ్బరు మూత ఒకటి ఉంటుంది. ఆ మూత ఎత్తి కిటికీ వెలుతురులో చూస్తే, లోపల నిండా కుంకుమ! అప్పటి ఆ ఫోన్లో ఛార్జి పెట్టే రంధ్రం వేరే కాబట్టి రాత్రి ఎవరికీ తెలియలేదు.

నిన్న ఆయుధపూజ. మనవడింటికి పండుగకని వచ్చిన భాగీరథమ్మ గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకొని ఇల్లంతా తిరిగింది. మిక్సీకి, గ్యాస్ పొయ్యికి, స్కూటర్‌కి, చివరికి కత్తిపీటకు కూడా బొట్టు పెట్టింది. అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికొకసారైనా దండం పెట్టకపోతే ఎట్లా చెప్పండి? లాప్‌టాప్‌కూ పెట్టింది. ఆమె చూస్తుండగానే లలిత్ దాన్ని కర్చీఫుతో తుడిచేశాడు. మనవడి భార్య జెస్సీ బైబిలు పెట్టుకునే అలమర జోలికి మాత్రం ఆమె పోలేదు. ఎవరి దేవుడు వాళ్ళకు.

“నేను నీ ఫోను ముట్టలేదప్పా,” అంది భాగీరథమ్మ.

“రాత్రంతా ఇక్కడే ఛార్జింగ్‌లో ఉండింది కదా! లాప్‌టాప్ మీద తుడిచినానని పంతానికి ఫోన్లో పెట్టినావా?”

“నీ మీద ఒట్టు. బొట్టంటే నొసట పెడతా గానీ నోట్లో కుక్కుతానా?”

“జోకులొద్దు! ఈ ఇంట్లో కుంకుమ పట్టేది నువ్వు కాకపోతే ఇంకెవరు? జెస్సీనా?”

జెస్సీ అప్పటికే కొత్త టూత్‌బ్రష్ తెచ్చి పక్కన నిలబడింది. “టైమైపోతోంది లలిత్. ముందు ఇది చూడు,” అంది.

భాగీరథమ్మ ఇంకేదో చెప్పబోయి లాప్‌టాప్ వైపు చూసి ఆగిపోయింది. మూలన బ్యాటరీ బొమ్మ ఎర్రబడుతోంది. “సరేలే, నేనే పెట్టినా అనుకో. తగువుకు ఇది టైము కాదు. పని చూసుకో నాయనా.”

“ఉద్యోగం పోతే నీ కుంకుమ పెడుతుందా జీతం? సాయంత్రం ఆనేకల్ బస్సెక్కించేస్తా. అత్త వాళ్ళింట్లో మగ్గాలు ఉండాయి కదా, వాటికి పెట్టుకో నీ బొట్లన్నీ!”

భాగీరథమ్మ లోపలికి పోయి పొయ్యి ఆర్పేసింది.

లలిత్ బ్రష్‌తో తుడిచాడు, ఊదాడు, మళ్ళీ తుడిచాడు. కేబుల్ గుచ్చాడు. ఏమీ లేదు. జెస్సీ కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతోంది. ఇంకోసారి గుచ్చాడు. టింగుమని మోగింది లాప్‌టాప్. నెట్టు వచ్చింది. ఫైలు నత్తలాగా పాకుతూ పాకుతూ పోయింది. పోయిందన్న మాట తెర మీద పడిందో లేదో, లాప్‌టాప్ కన్ను మూసింది.

కాసేపటికి మేనేజర్ నుంచి ఫోను. ఫైలు అందింది, బాగుంది అని క్లయింటు అన్నాడట. లలిత్ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. ఏమీ జరగనట్టు, “అవ్వా, పాయసం ఏమైంది?” అని కేక వేశాడు.

అవ్వ లోపలి గదిలో కింద కూర్చొని చీరలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది. బస్సెక్కిస్తానన్నందుకు కాదు ఆమె బాధ. ఆనేకల్ ఎంత దూరమని! ఎత్తుకొని పెంచిన పిల్లోడు, వాని మీదే ఒట్టేసి చెప్పినా నమ్మలేదే అని.

జెస్సీ వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆమె పక్కనే కూర్చొని, సంచిలోంచి పై చీర బయటికి తీసింది.

“వెళ్ళొద్దవ్వా.”

“వాని కోపం చల్లారినాక వస్తాలే తల్లీ. ఉద్యోగం నిలబడింది, అంతే చాలు. మీ దేవుడే కాసినాడో, మా తల్లే కాసిందో.”

“వారం నుంచి ప్రార్థన చేస్తూనే ఉన్నా. అయినా భయం తగ్గలేదు.” చీర అంచును వేలికి చుట్టుకుంటూ జెస్సీ తల ఎత్తలేదు. “నువ్వు అన్నిటికీ పెట్టావు. లలిత్ తన పనిముట్టుకు పెట్టినదాన్నే తుడిచేశాడు. అందుకే, తనకు కనపడకుండా... ఆ మూత కింద నేనే పెట్టానవ్వా.”