ఒక్క నిమిషం

ఊరంతా మంచు పడాలని మొక్కుతోంది. నెవెనా ఒక్కతే ఎండ కాయాలని మొక్కుతోంది.

మార్చి చివరికొచ్చేసింది. స్కీ వాలు మీద మిషన్లతో పోసిన మంచు ఒక్క చారలా మిగిలింది. మిగతాదంతా బురద. లిఫ్టు కుర్చీలు ఖాళీగా ఊగుతున్నాయి. స్కీలు అద్దెకిచ్చే కొట్టతను గొడుగులు అమ్ముకుంటున్నాడు.

"ఈ బురదలో ఏం జారతావమ్మా?" అన్నాడతను, ఆవిడ బస్సు దిగగానే.

"జారడానికి రాలేదు బాబూ."

పక్కనున్నవాడు అతని డొక్కలో పొడిచాడు. అతను నోరు మూసుకుని, ఆవిడ సంచీని హోటల్ దాకా మోసుకొచ్చి పెట్టాడు.

నెవెనా కొడుకు ఒగ్నియాన్ ఫిబ్రవరి ఆఖరి వారంలో కొండ వెనకవైపు స్కీయింగ్‌కి వెళ్ళాడు. మంచు చరియ విరిగిపడింది. మనిషి దొరకలేదు. పిరిన్ కొండ తీసుకున్నది మంచు కరిగితే గానీ తిరిగివ్వదు. ఈ ఊళ్ళో ఆ సంగతి అందరికీ తెలుసు, కాబట్టి ఆవిడెందుకొచ్చిందని ఇంకెవరూ అడగలేదు.

హోటల్ నడిపే యోర్దానా వేడివేడి చిక్కుడు గింజల సూప్ తెచ్చి ముందు పెట్టి, తనూ కూర్చుంది. అక్కడ మార్చి నెలని మార్త అవ్వ అంటారు, ఎండా మంచూ ఆ ముసలమ్మ చేతిలోనే ఉంటాయంటారు.

"ఈ ఏడు మార్త అవ్వకి మతి పోయిందక్కా. పొద్దున నవ్వుతుంది, మధ్యాహ్నం ఏడుస్తుంది, మంచు కురిపించే వేళకి మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతుంది. ముసల్ది నన్ను నిండా ముంచింది." అనేసి నాలిక కరుచుకుంది. "నీ ముందు ఇలా వాగుతున్నానేంటి..."

"తిట్టుకో, పర్లేదు. నేను రోజూ దండం పెడుతున్నాగా. అవ్వకి లెక్క సరిపోతుంది."

యోర్దానా నవ్వబోయి ఆగింది. ఆవిడ చూపు నెవెనా చేతి మీద పడింది. మార్చి ఒకటో తారీకు పొద్దున్నే ఎర్రదారం, తెల్లదారం కలిపి పేని చేతికి కట్టుకుంటారు. ఒక్క రోజు ముందు కట్టినా మార్త అవ్వకి కోపమొస్తుంది. ఆ ఏడాది తొలి కొంగ కనబడేదాకా విప్పకూడదు. ఊళ్ళో పసిపిల్లల దగ్గర్నుంచి లిఫ్టు డ్రైవర్ దాకా అందరికీ ఉంది.

"నీ చెయ్యి బోడిగా ఉందేంటక్కా? ఉండు, నా దగ్గర ఇంకోటుంది."

"వద్దమ్మా. అది వాడి డ్యూటీ. కొన్న దారం ముట్టుకోనిచ్చేవాడు కాదు. కళ్ళు తెరవగానే కూర్చుని పేనేవాడు. ముందు దారం, తర్వాతే కాఫీ. వాడు లేనప్పుడు నాకెందుకు?"

యోర్దానా సూప్ గిన్నె కాస్త ముందుకి జరిపింది.

ఇదే టేబుల్ దగ్గర, కిందటిసారి వచ్చినప్పుడు, ఫిబ్రవరి ఆఖరి రోజు సాయంత్రం, రెస్క్యూ టీమ్ పెద్ద స్తామెన్ ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. తడిసిన బూట్లతో, మూడు రోజుల గడ్డంతో.

"పై వాలు ఇంకా కదుల్తోందక్కా. మా కుర్రాళ్ళు ఎనిమిది మంది దాని కిందే తవ్వుతున్నారు. వెతకమంటే వెతుకుతాం. ఆపమంటే ఆపుతాం. నువ్వే చెప్పు."

ఆవిడ ఒక్కటే అడిగింది. "వాడికి నొప్పి తెలిసుంటుందా?"

"లేదక్కా. ఒక్క నిమిషం. అంతే. నిద్రలాంటిది. ఆ రోజే అయిపోయింది."

"అయితే వాళ్ళని దింపెయ్ తమ్ముడూ. ఇంకో ఎనిమిది మంది అమ్మల్ని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టకు."

చీకటి పడేలోగా దింపేశాడు.

అప్పట్నుంచీ నెవెనా ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకునే బతుకుతోంది. నిద్ర పట్టకపోతే గోడ గడియారం వైపు చూస్తూ అరవై దాకా లెక్కపెట్టుకునేది. ఇంతే, ఇంతలోనే అయిపోయిందనుకుని, అటు తిరిగి పడుకునేది.

ఎండ కాసింది. నాలుగో రోజు పొద్దున్న స్తామెన్ టోపీ పట్టుకుని వచ్చాడు. తన టోపీ కాదు.

"బండ చూరు కింద ఖాళీలో ఉన్నాడక్కా. మంచు అక్కడిదాకా తోసుకుపోయింది."

ఎర్ర ఊలు టోపీ, తెల్ల అంచు. కొత్త సంవత్సరానికి ఆవిడే అల్లింది. అంచు దగ్గర ఊడిపోయి, వేలు పట్టేంత కన్నం పడింది.

"ఎలుకలు పీకుంటాయి," అన్నాడు స్తామెన్.

"నేనే ముడి సరిగ్గా వెయ్యలేదేమో," అంది నెవెనా. కన్నం కనబడకుండా టోపీని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

చర్చి పక్క గదిలో పడుకోబెట్టారు. నెవెనా చాలాసేపు ముఖమే చూసింది. నిజంగానే నిద్రపోతున్నట్టుంది. చిన్నప్పట్లాగే కింది పెదవి కాస్త ముందుకొచ్చి ఉంది.

"చెప్పానా అక్కా. ఒక్క నిమిషం," అన్నాడు స్తామెన్. అనేసి, అంత మనిషీ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఆవిడ వెళ్ళి అతని వీపు నిమిరింది. "నీ మాట వల్లే ఇలా నిలబడ్డాను తమ్ముడూ. ఊరుకో."

యోర్దానా కొవ్వొత్తి వెలిగించి తెచ్చింది. పోయినవాళ్ళ చేతిలో పెట్టాలి. ఒగ్నియాన్ గ్లోవు తడిసి బిగుసుకుపోయి ఉంది, మోచేతి దగ్గరికంటా.

"గ్లోవు మీదే పెట్టెయ్ అక్కా," అన్నాడు స్తామెన్.

"అలా కుదరదు. వట్టి చేతిలోనే పెట్టాలి."

చిన్నపిల్లాడికి తీసినట్టు ఒక్కో వేలూ వదులు చేస్తూ, నెవెనా మెల్లగా గ్లోవు లాగింది.

వాడి మణికట్టుకి, టోపీలోంచి పీకిన ఎర్ర ఊలూ తెల్ల ఊలూ కలిపి పేని, ఒంటిచేత్తో వంకరగా ముడేసుకున్న దారం ఉంది.