మూడు గీతల నేపాల్

"మూడు పటాలు వెయ్యమంటే ఒక్కటేశావేంటయ్యా?" బెంజిసర్కిల్ పక్క సందులోని కోచింగ్ సెంటర్లో, గోడ మీది నేపాల్‌ని చూసి లెక్చరర్ కిరీటి పకపకా నవ్వాడు.

పెయింటర్ ఎల్లారావుకి ఆ నవ్వు కొత్తకాదు. "నేలొక్కటే గదండీ. సరిహద్దులే మూడు రకాలుగా ఉన్నియ్యి. మీరిచ్చిన మూడు కాగితాలూ చూసే మూడు రంగుల గీతలేశా."

"మూడోక్లాసు వెలగబెట్టి నాకే హిస్టరీ చెబుతావా? పేరెంట్స్ వచ్చేలోగా తెల్లరంగు కొట్టి మళ్ళీ వెయ్యి."

నాలుగు రోజుల పని. ఎల్లారావు తెల్లరంగు డబ్బా మూత తీశాడు.

ముందు బెంచీలో చదువుకుంటున్న సుస్మిత పరుగున వచ్చింది. "ఆగండి తాతగారూ! సార్, మొదట నీలం గీత దాకా నేపాల్ వాళ్ళదే. ఈస్టిండియా కంపెనీవాళ్ళతో యుద్ధంలో ఓడి ఎర్రగీతకి తగ్గారు. తర్వాత పడమటి పక్క కొంచెం తిరిగొచ్చి పచ్చగీత అయింది. నెల్రోజులు బట్టీపట్టినా ఎక్కలేదు. ఇప్పుడు చూడగానే తెలిసిపోయింది సార్!"

కిరీటి గోడకేసి మళ్ళీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అందుకేగా ఒక్కదాంట్లోనే వెయ్యమంది. ఏవయ్యా, కింద 'రూపకల్పన: కిరీటి సార్' అని పెద్దక్షరాలతో రాయి."

సుస్మిత తలొంచుకుని తన బెంచీకి వెళ్ళిపోయింది.

ఎల్లారావు డబ్బా మూత బిగించాడు. కిరీటిని ఎగాదిగా చూసి కుంచె అందుకున్నాడు.

"అట్టాగే రాస్తానండీ. యుద్ధం కూడా చెయ్యకుండా పక్కోడిది కలిపేసుకున్నోళ్ళకి ఏ రంగెయ్యాలో చెప్పండి."