రంగు నీళ్ల తొట్టి

బకెట్‌లోని ఎర్ర రంగు నీళ్లు గేటు ముందు నిలబడ్డ పెద్దావిడ తెల్ల చీర మీద పడ్డాయి.

"ఎవరమ్మా నువ్వు? మోరీకి అడ్డమెందుకొచ్చినవ్?" వాసంతి ఖాళీ బకెట్ కింద పెట్టింది.

"నా పేరు కుసుమకుమారి. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటాను." ఆవిడ చీర వైపు చూసుకోనైనా లేదు. "ఈ నీళ్లు కాలువలో పోయకమ్మా. నేలలోకి దిగి మా బోరులో ఎర్రగా వస్తున్నాయి. ఒక తొట్టి కట్టించు. శుద్ధి చేసి వదులు."

నాగోల్ దారిలో ఆ సందు చివర ఉన్నది వాసంతి కార్ఖానా. అక్కడ రంగు పట్టిన నూలు మగ్గాలకెక్కి, చీరలై దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు చేరుతుంది. పోచంపల్లి దగ్గరి ఊళ్లో ఆమె అత్త మల్లమ్మ కూడా ఈ పనే చేసేది. మిగిలిన రంగు కుండెడో రెండు కుండలో పెరట్లో పారబోసేది. నేల తాగేసేది. పట్నంలో కోడలు డ్రమ్ములకు డ్రమ్ములు వదులుతూ, ఇదీ అదే పద్ధతి కదా అనుకుంటోంది.

"తొట్టి కడితే షెడ్డు సగం పోతది. పనిచేసే ఆడోళ్లను ఇంటికి పంపాలె. నీకేం, చెప్పిపోతవ్!"

"ఎవర్నీ పంపకుండానే కట్టు. ఎలాగో రేపొచ్చి మాట్లాడతా."

అన్నట్టే వచ్చింది. మడత కుర్చీ తెచ్చుకుని గేటు పక్కన కూర్చుంది. మర్నాడూ అంతే. ఎండనక, వాననక వస్తూనే ఉంది.

వాసంతికి ఒళ్లు మండింది. కార్ఖానా మూయించడానికే అపార్ట్‌మెంట్ వాళ్లు ఈవిడను కాపలా పెట్టారని తేల్చేసుకుంది. ఒకరోజు మంచి పట్టుచీర పట్టుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"తీస్కో పెద్దమ్మా. ఇగ రాకు."

"చీరలు చాలా ఉన్నాయమ్మా. తొట్టి కట్టు."

"గట్టిదానివే!"

"నువ్వూ గట్టిదానివే. అందుకే వస్తున్నా."

పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. మోరీలో రంగు నీళ్లు రెట్టింపయ్యాయి. ఓ పొద్దున ఆవిడ మాట్లాడదామని లేచి నిలబడగానే, వాసంతి కుర్చీ లాగి మోరీలోకి విసిరేసింది.

"మా పొట్ట కొట్టకు! పో!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా, "రేపు మళ్లీ వస్తా" అనే వెళ్లింది.

రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"పీడ పోయింది" అంది వాసంతి, రంగులు కలిపే జానయ్యతో. అనడమైతే అంది గానీ, గేటు తీసినప్పుడల్లా ఆ పక్కకే చూస్తోంది.

వారం తిరక్కుండానే అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి సింధు వచ్చింది. చేతిలో ఫిర్యాదు కాగితం.

"మీ కార్ఖానా మూయించమని అందరం సంతకాలు పెట్టామండి. రేపు అధికారులకి ఇస్తున్నాం. ముందే చెప్పడం మర్యాదని వచ్చాను."

"పెద్దమ్మ అనుకున్నది చేసింది గదా!"

"కుసుమ ఆంటీ పోయారండి. నాలుగు రోజులైంది. నిద్రలోనే..."

వాసంతి గడప మీద కూర్చుంది. తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కళ్లు తుడుచుకుని లేచింది.

"జానయ్యా! రంగు కాచే పొయ్యిలన్నీ బంద్ చెయ్. మేస్త్రీని పిలువు. తొట్టి కట్టేదాంక ఒక్క చుక్క బయటికి పోవద్దు."

"పెళ్లిళ్ల ఆర్డర్లు ఉన్నయ్ గదక్కా? దిల్‌సుఖ్‌నగర్ సేట్లు ఊకుంటరా?"

"వాళ్లకు నేను చెప్పుకుంట. షెడ్డు ముట్టకున్రి, నా ఆఫీసు రూం కూలగొట్టున్రి. తొట్టి ఆడనే. ఆడోళ్లు ఒక్కరు కూడా పోవద్దు."

జానయ్య లోపలికి పరిగెత్తాడు.

వాసంతి సింధు వైపు తిరిగింది. "గా కాగితం మీద మొదటి సంతకం పెద్దమ్మదే గదా? పెడితే పెట్టింది. తప్పు నాదే."

సింధు తల అడ్డంగా ఊపింది.

"మేం మీటింగ్ పెట్టిన ప్రతిసారీ, 'మూసేస్తే ఆ ఆడవాళ్లు ఏమైపోతారు, ఆ అమ్మాయితో తొట్టి నేను కట్టిస్తా, ఆగండి' అంటూ ఈ కాగితాన్ని ఇన్నాళ్లూ కదలనివ్వకుండా ఆపింది ఆవిడ ఒక్కరేనండి."